పదిమంది కూర్చునే సిస్టమ్‌లో ఏ ఎడిటర్ పెట్టాలి?

విశాఖలో ద్వారకానగర్‌లోనో మద్దిలపాలెంలోనో ఒక నెట్ సెంటర్‌లో విండోస్ 11 సిస్టమ్ ముందు కూర్చుని నోట్‌ప్యాడ్ తెరిస్తే ఖాళీ పేజీయే వస్తుందన్న నమ్మకం లేదు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన ఉద్యోగానికి అప్లికేషన్ నింపుతూ పక్కన రాసిపెట్టుకున్న ఆధార్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, పాస్‌వర్డు ట్యాబుల్లో వరసగా కనబడొచ్చు. ఆయన వాటిని సేవ్ చెయ్యలేదు, చెయ్యాలనీ అనుకోలేదు. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. పాత నోట్‌ప్యాడ్ అయితే సేవ్ చెయ్యమంటారా అని అడిగేది, వద్దంటే మరిచిపోయేది. 2023లో ట్యాబులు వచ్చాక, సేవ్ చెయ్యని రాతను కూడా దాచిపెట్టి మళ్లీ తెరిచినప్పుడు చూపించడం మొదలుపెట్టింది. ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ మీద ఇది వరమే. ఉమ్మడి సిస్టమ్ మీద మాత్రం ముందువాడి జేబు తీసి వెనకవాడి చేతిలో పెట్టినట్టు.

ల్యాబుల వాళ్లు, లైబ్రరీల వాళ్లు, నెట్ సెంటర్ల వాళ్లు లైట్‌వెయిట్ ఎడిటర్ (కోడు, నోట్సు టైపు చేసే తేలికైన సాఫ్ట్‌వేర్) ఏదని అడిగినప్పుడల్లా జవాబు ర్యామ్ లెక్కతో మొదలై అక్కడే ఆగిపోతుంది. నేనైతే ఎడిటర్ బరువును వాడినవాళ్లు లేచి వెళ్లాక తూచమంటాను. డిస్కులో ఎంత వదిలింది, తర్వాతి మనిషికి ఏం చూపించింది, ఎవరి లాగిన్ మోసుకుని కూర్చుంది, ఎవరో మార్చిన సెట్టింగు ఎంతమంది నెత్తిన పడింది? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఎవరికి వారు కొంచెం కొంచెం వదిలివెళ్తే నెల తిరిగేసరికి ల్యాబులో ఇరవై సిస్టమ్‌లు ఇరవై రకాలుగా ఉంటాయి.

అలాగని ర్యామ్‌ని వదిలెయ్యడానికి లేదు. ముందు ఆ లెక్క తేల్చేద్దాం.

మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు ఉన్న సిస్టమ్‌లు ఇంకా పనిచేస్తున్నాయి. విండోస్ 10 లేచి నిలబడేసరికే అందులో సగం దగ్గరికి పోతుంది. పక్కన బ్రౌజర్‌లో రెండు మూడు ట్యాబులు ఎలాగూ ఉంటాయి. 2015లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్ ఎలక్ట్రాన్ మీద కట్టినది, అంటే దాని కడుపులో ఇంకో క్రోమియం బ్రౌజర్ ఉన్నట్టే. ఒక ఫోల్డర్ తెరిచి, సీ ఎక్స్‌టెన్షనో పైథాన్ ఎక్స్‌టెన్షనో తగిలిస్తే అర జీబీ చులాగ్గా దాటుతుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, జీనీ, మౌస్‌ప్యాడ్ లాంటి చిన్న ఎడిటర్లు పదుల ఎంబీల్లో సరిపెట్టుకుంటాయి. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో, నడిచే నానో ఎడిటర్‌కి పది ఎంబీ కూడా అక్కర్లేదు. ఈమ్యాక్స్ అనే పాత ఎడిటర్ పేరుని విడదీసి "ఎయిట్ మెగాబైట్స్ అండ్ కాన్‌స్టంట్లీ స్వాపింగ్", అంటే ఎనిమిది ఎంబీ మింగి, ర్యామ్ చాలక డిస్కు తడుముతూనే ఉంటుందని ఎగతాళి చేసిన రోజులున్నాయి. ఇవాళ ఎనిమిది ఎంబీకి బ్రౌజర్‌లో ఒక ప్రకటన కూడా తెరుచుకోదు.

ఒక్కొక్కరికీ ఒక్కో సిస్టమ్ ఉన్నచోట ఈ తేడా విసిగిస్తుందంతే, పని ఆపదు. ఒకే లినక్స్ సర్వర్‌లోకి అందరూ లాగిన్ అయ్యే ల్యాబులో అసలు దెబ్బ తగులుతుంది. 20 మంది, తలా 500 ఎంబీ అంటే 10 జీబీ. 20 మంది, తలా 40 ఎంబీ అంటే 800 ఎంబీ. 16 జీబీ సర్వర్ మీద మొదటి లెక్కకి బ్రౌజర్లు, కంపైలర్లు కలిసేసరికి స్వాప్, అంటే ర్యామ్ చాలక డిస్కు వాడుకోవడం, మొదలవుతుంది. ఒకడి ప్రోగ్రాం అంతులేని లూప్‌లో పడి మెమరీ మింగేస్తే ఇరవై మంది మౌసూ ఆగిపోతుంది. సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకుని వీఎస్ కోడ్ రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచే సర్వర్‌కి కలిసేవాళ్లు తమ ఎడిటర్ బరువు తమ దగ్గరే ఉందనుకుంటారు. నిజానికి ప్రతి ఒక్కరి హోమ్ ఫోల్డర్‌లో ఒక సర్వర్ ముక్క దిగుతుంది, ఎక్స్‌టెన్షన్లు సర్వర్ మీదే నడుస్తాయి. ల్యాప్‌టాప్‌లో వెర్షన్ మారితే ఇక్కడ ఇంకో ముక్క దిగుతుంది, పాతవి కొన్నాళ్లు అలాగే పడి ఉంటాయి.

ర్యామ్ అయితే లాగౌట్ కాగానే తిరిగొస్తుంది. డిస్కు తిరిగిరాదు.

వీఎస్ కోడ్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల సీ, సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ పెడితే అది హెడర్ ఫైళ్లను ముందే చదివి హోమ్‌లోని క్యాష్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. ఆ దాపుకి డిఫాల్టు పరిమితి 5120 ఎంబీ. ఒక్కడి ల్యాప్‌టాప్‌లో ఎవరికీ పట్టదు. 60 మంది సెక్షన్‌లో తలా 2 జీబీ కోటా ఇచ్చిన సర్వర్ మీద ఆ పరిమితి కోటాకి రెండున్నర రెట్లు. కోటా నిండగానే వచ్చే తంటా విచిత్రంగా ఉంటుంది: విద్యార్థి పాస్‌వర్డు సరిగ్గానే కొడతాడు, స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ లాగిన్ పేజీకే వస్తుంది. పాస్‌వర్డు మరిచిపోయాడని అందరూ అనుకుంటారు, ల్యాబ్ అసిస్టెంట్ మార్చి ఇస్తాడు, మళ్లీ అదే. హోమ్‌లో చిన్న ఫైలు రాసుకోవడానికి కూడా చోటు లేక డెస్క్‌టాప్ సెషన్ మొదలవట్లేదు, అంతే. టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అయి క్యాష్ ఫోల్డర్ చెరిపేస్తే తెరుచుకుంటుంది. వీఎస్ కోడ్ పెట్టక తప్పకపోతే ఆ క్యాష్ సైజును సున్నా చెయ్యండి, దాపు ఆగిపోతుంది. ఎక్స్‌టెన్షన్లు కూడా ఎవరి హోమ్‌లో వారికి విడిగా దిగుతాయని కోటా ఇచ్చేటప్పుడే లెక్కలో వేసుకోవాలి.

విండోస్‌లో ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. వీఎస్ కోడ్‌కి రెండు ఇన్‌స్టాలర్లు ఉన్నాయి, యూజర్ ఇన్‌స్టాలర్, సిస్టమ్ ఇన్‌స్టాలర్. సైటులో పెద్ద బటన్ నొక్కితే వచ్చేది యూజర్ ఇన్‌స్టాలర్. అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి పోకుండా లాగిన్ అయినవారి సొంత యాప్‌డేటా ఫోల్డర్‌లోకి పోతుంది. అడ్మిన్ లాగిన్‌లో పెట్టి వెళ్లిపోతే విద్యార్థి లాగిన్‌లో కనబడదు. వాళ్లు మళ్లీ దించుకుంటారు, దానికి అడ్మిన్ పాస్‌వర్డు కూడా అక్కర్లేదు. ఒకే సిస్టమ్‌లో అయిదు ప్రొఫైళ్లలో అయిదు కాపీలు, అయిదు వెర్షన్లు. ఉమ్మడి సిస్టమ్‌కి సిస్టమ్ ఇన్‌స్టాలరే వెతికి పట్టుకోవాలి.

ఇక లాగిన్లు. అన్ని సిస్టమ్‌లలో స్టూడెంట్ అనే ఒకే ఖాతా, గోడ మీద రాసిన ఒకే పాస్‌వర్డు: ఇదే మన ల్యాబుల్లో మామూలు పద్ధతి. మొదటి బ్యాచ్‌లో ఒకమ్మాయి ఎడిటర్‌లోంచి కోడు దాచుకునే గిట్‌హబ్ సైటుకి సైన్ ఇన్ అయి, సైన్ అవుట్ మరిచి వెళ్తుంది. మధ్యాహ్నం బ్యాచ్‌వాడు తన ప్రాజెక్టు అక్కడికి పంపితే (పుష్ చేస్తే) ఆ అమ్మాయి పేరు మీద పోతుంది. ఎడిటర్ మూసేసినా తాళంచెవి విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో మిగిలే ఉంటుంది. గిట్ గ్లోబల్ సెట్టింగులో పేరు, మెయిల్ కూడా అంతే. సైన్ ఇన్ అడగని ఎడిటర్‌కి ఉమ్మడి సిస్టమ్‌లో నేను పది మార్కులు ఎక్కువ వేస్తాను. కొత్త నోట్‌ప్యాడ్‌లోకి ఏఐ రాతలు, మైక్రోసాఫ్ట్ ఖాతా వచ్చాక నోట్‌ప్యాడే ఆ పరీక్ష తప్పింది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే విండోస్ ల్యాబుకి నా ఓటు దానికే, డిఫాల్టు సెట్టింగులకి మాత్రం కాదు. 2003 నుంచి ఉంది, ఉచితం, విండోస్ ఏపీఐ మీద నేరుగా రాసినది, పాత సిస్టమ్‌లోనూ క్లిక్ చేసిన వెంటనే తెరుచుకుంటుంది. కానీ దించుకున్నది దించుకున్నట్టు వాడితే ఇదీ నోట్‌ప్యాడ్ తప్పే చేస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో బ్యాకప్ పేజీకి వెళ్తే, కిందటి సెషన్ గుర్తుపెట్టుకోవడం ఒక టిక్కు, సెషన్ స్నాప్‌షాట్ అని ఇంకో టిక్కు, రెండూ పెట్టే ఉంటాయి. స్నాప్‌షాట్ 7 సెకన్లకోసారి సేవ్ చెయ్యని రాతను యాప్‌డేటాలోని బ్యాకప్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. మూసేటప్పుడు ఏమీ అడగదు. పేరు పెట్టని ట్యాబులు నెలల తరబడి పేరుకుంటాయి. ముప్పై నలభై ట్యాబులు, ఒకదాంట్లో ఎవరిదో రెజ్యూమే, ఇంకోదాంట్లో సగం రాసిన ఎస్‌క్యూఎల్, మరోదాంట్లో వైఫై పాస్‌వర్డు.

ఆ టిక్కులు తీసేస్తే సరిపోదా? సరిపోదు, మన ఊళ్లో కరెంటు పోతుంది కాబట్టి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటిలా రోజుల తరబడి పోయే కరెంటు గురించి కాదు, దానికి ఏ ఎడిటరూ ఏమీ చెయ్యలేదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలికి పోయి రెండు నిమిషాల్లో వచ్చేస్తుందే, ఆ కరెంటు. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైతే ఆ రెండు నిమిషాలకే సిస్టమ్ ఆగిపోతుంది. ఎక్స్‌టర్నల్ పరీక్ష మధ్యలో నలభై నిమిషాల ప్రోగ్రాం పోయిన విద్యార్థికి ప్రైవసీ గురించి చెప్పి చూడండి.

అంటే స్నాప్‌షాట్ ఉండాలి, కానీ అదే మనిషికి మాత్రమే దక్కాలి. ఈ చిక్కుముడికి చాలామంది ఒక కొస పట్టుకుని లాగుతారు: పూర్తిగా ఆపేస్తారు, లేదా పూర్తిగా వదిలేస్తారు. తెరిచినప్పుడు కాకుండా వెళ్లేటప్పుడు తుడవాలన్నది నా పద్ధతి. మనిషి మామూలుగా పని ముగించి లాగాఫ్ అయితే బ్యాకప్ ఫోల్డర్ ఖాళీ అవుతుంది. కరెంటు పోతే లాగాఫ్ జరగదు కాబట్టి స్నాప్‌షాట్ మిగులుతుంది. కరెంటు వచ్చి సిస్టమ్ లేచాక అదే కుర్చీలో అదే మనిషి ఉంటాడు, తెరవగానే రాత తిరిగొస్తుంది.

చేసే విధానం ఇది. ఒక సిస్టమ్‌లో స్టూడెంట్ ఖాతాతో లాగిన్ అయి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సెట్టింగులన్నీ కావలసినట్టు పెట్టండి: స్నాప్‌షాట్ ఉంచండి, ఇటీవలి ఫైళ్ల జాబితా సున్నా చెయ్యండి, కొత్త ఫైలు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్-8, ట్యాబ్ కీకి నాలుగు స్పేసులు. మూసెయ్యండి. యాప్‌డేటా రోమింగ్‌లో దాని ఫోల్డర్ మొత్తాన్ని, బ్యాకప్ లోపల ఏమీ లేదని చూసుకుని, విద్యార్థులు రాయలేని చోటికి కాపీ చెయ్యండి. లాగాఫ్ స్క్రిప్టులో (లాగాఫ్ అయ్యేటప్పుడు తనంతట నడిచే కమాండ్లలో) విండోస్ కాపీ కమాండు రోబోకాపీని మిర్రర్ ఆప్షన్‌తో వాడి ఆ నమూనాను తిరిగి రోమింగ్‌లోకి వెయ్యండి. మిర్రర్ అంటే నమూనాలో లేనివన్నీ గమ్యంలో చెరిపేస్తుంది, అందుకే అది కావాలి. అందుకే ప్రమాదం కూడా. గమ్యం దారిలో ఒక ఫోల్డర్ పేరు తక్కువ పడితే రోమింగ్ మొత్తం ఊడ్చేస్తుంది. మొదటిసారి జాబితా మాత్రమే చూపించే ఆప్షన్‌తో నడిపి, ఏం చెరుపుతానంటోందో చదివాకే నిజంగా నడపండి. ఇంకో తిరకాసు: కాన్ఫిగ్ ఎక్స్‌ఎంఎల్ ఫైలును నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనే తెరిచి దిద్దితే మీ దిద్దుబాటు నిలవదు. మూసేటప్పుడు తన జ్ఞాపకంలో ఉన్నదాన్ని దాని మీద రాసేస్తుంది. దాన్ని వేరే ఎడిటర్‌తో దిద్దాలి.

విండోస్ హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు, లాగాఫ్ స్క్రిప్టు తగిలించే చోటే దొరకదు. నెట్ సెంటర్లలో ఎక్కువగా ఉండేది అదే. అక్కడ టాస్క్ షెడ్యూలర్‌లో లాగిన్ సమయానికి ఒక పవర్‌షెల్ పని పెట్టి, బ్యాకప్ ఫోల్డర్‌లో అరగంట కంటే పాతవాటిని చెరిపిస్తే చాలు. కరెంటు పోయి వచ్చినవాడికి దొరుకుతుంది, పొద్దున వెళ్లిపోయినవాడిది మిగలదు. డీప్ ఫ్రీజ్ లాంటి, రీస్టార్ట్ చేస్తే మొదటికొచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాబులో మాత్రం ఈ ఉపాయం పారదు. కరెంటు పోయి రావడమే రీస్టార్ట్ కనుక స్నాప్‌షాట్ కూడా కొట్టుకుపోతుంది. అక్కడ ఫ్రీజ్ కాని డ్రైవ్‌లో ముందే ఫైలుకి పేరు పెట్టి సేవ్ చేశాకే టైపింగ్ మొదలుపెట్టించాలి.

లినక్స్ వైపు ఈ గొడవ తక్కువ. జీనీతో పాటు వచ్చే సేవ్ యాక్షన్స్ ప్లగిన్‌లో ఆటో సేవ్ ఉంది, నిమిషానికోసారి అని పెట్టొచ్చు. అది వేరే దాపులోకి కాకుండా విద్యార్థి పేరు పెట్టిన ఫైల్లోకే రాస్తుంది. నాకు నచ్చేది సరిగ్గా ఇదే. రాత ఎక్కడుందో రాసినవాడికి తెలుసు, పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుపోతాడు, చెరపాలంటే చెరుపుతాడు. ప్రిఫరెన్సెస్‌లో కిందటి సెషన్ ఫైళ్లు తెరవాలన్న టిక్కు తీసేస్తే జీనీ ఎప్పుడూ శుభ్రంగా తెరుచుకుంటుంది. ఎఫ్8తో కంపైల్, ఎఫ్9తో బిల్డ్, ఎఫ్5తో రన్. డాస్‌బాక్స్‌లో టర్బో సీ తెరిచి, అందరూ ఒకే బిన్ ఫోల్డర్‌లో నోనేమ్00 అన్న పేరుతో ఒకరి ప్రోగ్రాం మీద ఇంకొకరు సేవ్ కొట్టుకునే ల్యాబులకి ఇంతకంటే సులువైన మారుదారి లేదు.

టెర్మినల్‌లో నడిచే విమ్ గురించి అనకపోతే చదివేవాళ్లు ఊరుకోరు. విమ్ మంచి ఎడిటర్, రోజంతా దానిలోనే బతికేవాళ్లకి. 200 అక్షరాలు కొట్టినా, 4 సెకన్లు చెయ్యి ఆపినా స్వాప్ ఫైల్లోకి రాసుకుంటుంది, కరెంటు పోతే ఆదుకోవడంలో దాన్ని మించింది లేదు. కానీ మొదటి సంవత్సరం ల్యాబులో జరిగే తంతు ఇది. విద్యార్థి అలవాటు కొద్దీ సేవ్ కోసం కంట్రోల్ ఎస్ కొడతాడు. విమ్ పాత వెర్షన్లు నడిచే చాలా టెర్మినళ్లలో అది స్క్రీన్‌కి అవుట్‌పుట్ ఆపమనే పాత సంకేతం, అంతా బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. కంట్రోల్ క్యూ కొడితే విడుదలవుతుందని అతనికి తెలియదు. లేదా అన్‌డూ అనుకుని కంట్రోల్ జెడ్ కొడతాడు, విమ్ వెనక్కిపోయి నిద్రపోతుంది, ప్రాంప్ట్ కనబడుతుంది, విమ్ మూసుకుపోయిందనుకుంటాడు. రెండు సందర్భాల్లోనూ విండో మూసేస్తాడు లేదా మళ్లీ అదే ఫైలు తెరుస్తాడు. అప్పుడు ఇ325 అన్న హెచ్చరిక పేజీ నిండా పరుచుకుంటుంది: స్వాప్ ఫైలు ఉంది, ఫలానా యూజర్‌ది, ఫలానా హోస్ట్‌లో, ప్రాసెస్ నంబరు ఇంత. రికవర్ చెయ్యాలా, అయినా ఎడిట్ చెయ్యాలా, చెరపాలా అని ఒక్క అక్షరంలో జవాబు అడుగుతుంది. అందరూ ఒకే ఫోల్డర్ వాడే చోట ఆ పేజీ ఇంకొకరు నిజంగానే ఆ ఫైలు మీద పనిచేస్తున్నారని చెబుతుండొచ్చు. చదవకుండా ఏదో అక్షరం కొడితే ఇద్దరి పనిలో ఒకరిది పోతుంది.

పైగా విమ్ తన ఇన్ఫో ఫైల్లో కొట్టిన కమాండ్లు, వెతికిన మాటలు, కాపీ చేసిన ముక్కలు దాచుకుంటుంది. ఒకే ఖాతా పదిమందిదైతే అవన్నీ పదిమందివీ. ఎవరో అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో విమ్ నడిపితే ఆ ఫైలు రూట్ (అడ్మిన్) సొత్తయిపోయి, తర్వాతి నుంచి దానిలోకి రాయలేనని మూసినప్పుడల్లా గొణుగొచ్చు. సిస్టమ్ మొత్తానికి వర్తించే విమ్‌ఆర్‌సీ సెట్టింగుల ఫైల్లో విమ్‌ఇన్ఫోని ఖాళీ చేసి, మోడ్‌లైన్ ఆపేస్తే సగం గొడవ తీరుతుంది. మోడ్‌లైన్ అంటే ఫైలు లోపల రాసి ఉన్న సెట్టింగుని విమ్ పాటించడం. 2019లో బయటపడ్డ లోపంతో, తెలియని ఫైలు తెరిస్తే చాలు అందులోని కమాండు నడిచేది. ఊరి వాళ్ల పెన్‌డ్రైవులన్నీ దూరే సిస్టమ్‌లో అది ఆపే ఉండాలి.

టెర్మినల్‌లో ఏదో ఒకటి కావాలి కదా అంటే నానో. కీలు అడుగున రాసే ఉంటాయి. కంట్రోల్ ఎస్ కొడితే సేవ్ చేస్తుంది. 2024లో వచ్చిన 8.0 నుంచి మోడర్న్ బైండింగ్స్ ఆప్షన్ పెడితే కాపీ, పేస్ట్, అన్‌డూ కూడా అందరికీ తెలిసిన కీలే. నానోఆర్‌సీ సెట్టింగుల ఫైల్లో లాకింగ్ అని ఒక్క లైను చేర్చండి, డిఫాల్టుగా ఉండదు. అది విమ్ తరహా లాక్ ఫైలే పెడుతుంది, కాబట్టి ఒకరు నానోలో, ఇంకొకరు విమ్‌లో ఒకే ఫైలు తెరిచినా రెండోవాళ్లకి హెచ్చరిక వస్తుంది.

కీలంటే గుర్తొచ్చింది. బీచ్ రోడ్డుకి దగ్గర్లోని ల్యాబుల్లో ఉప్పుగాలికి కీబోర్డులు ముందే ముసలివవుతాయి, కంట్రోల్, ఎస్కేప్ లాంటివి మొరాయిస్తే విమ్ వాడేవాడు ఎటూ కాడు. మెనూ, మౌసు ఉన్న ఎడిటర్‌కి ఇక్కడ ఒక ఓటు ఎక్కువ.

తెలుగు ఎలా వస్తుందన్నది చాలా ఎడిటర్ పోలికల్లో కనబడదు. మన దగ్గర అది మొదటి పేజీలో ఉండాలి. పరీక్ష చిన్నది. ఎడిటర్ తెరిచి "లక్ష్మి" అన్న ఒక్క మాట టైపు చేసి, ఎంటర్ కొట్టకుండా సేవ్ చేసి, ఫైలు సైజు చూడండి. తెరమీద రెండు అక్షరాలే. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు కోడ్లు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. సైజు 21 అయితే ఎడిటర్ సరిగ్గా ఉంది. 22 అయినా పరవాలేదు, జీనీ, నానో, విమ్ చివర ఒక కొత్త లైను చేరుస్తాయి. 24 అయితే ముందు మూడు బైట్ల బామ్ (ఫైలు ఏ ఎన్‌కోడింగో చెప్పే గుర్తు) తగిలించింది. తెలుగు చదవడానికి ఇబ్బంది లేదు గానీ, అదే సెట్టింగుతో షెల్ స్క్రిప్టు రాస్తే మొదటి లైనే పనిచెయ్యదు. 16 అయితే యూటీఎఫ్-16. 7 అయితే తెలుగు పట్టని పాత ఆన్సీ ఎన్‌కోడింగ్‌లో సేవ్ అయింది, లోపల ఉన్నవి ఏడు ప్రశ్నార్థకాలు. లక్ష్మి ఇక తిరిగిరాదు. పాత నోట్‌ప్యాడ్ డిఫాల్టు ఆన్సీయే. యూనికోడ్ అక్షరాలు పోతాయని హెచ్చరించేది, జనం అలవాటుగా ఓకే నొక్కేవారు. విండోస్ 10లో 2019 మే నాటి 1903 వెర్షన్ నుంచి బామ్ లేని యూటీఎఫ్-8 డిఫాల్టు అయింది. అంతకంటే పాత విండోస్ ఉన్న సిస్టమ్‌లో నోట్‌ప్యాడ్‌తో తెలుగు రాయనివ్వకండి.

తెరమీద కనిపించడం వేరే సంగతి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో లైను ఎత్తు ఎంచుకున్న ఫాంటుని బట్టి ఉంటుంది. కొరియర్ న్యూలో తెలుగు లేదు, కాబట్టి విండోస్ నిర్మలా యూఐ నుంచి అక్షరాలు అరువు తెస్తుంది, అవి పొడుగు. ఫలితంగా ఒత్తుల అడుగు తెగిపోతుంది. "స్త్రీ" అని రాస్తే అడుగున ఏముందో ఊహించుకోవాలి. స్టైల్ కాన్ఫిగరేటర్‌లో ఫాంటునే నిర్మలా యూఐ చేస్తే సరిపోతుంది, కోడు నిలువు వరసలు మాత్రం కలవవు. జీనీలో లైన్ హైట్ సెట్టింగుతో కింద రెండు పిక్సెళ్లు కలిపితే రెండూ దక్కుతాయి. ఉబుంటులో ముందు తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఏ ఎడిటర్‌లోనైనా డబ్బాలే. టెర్మినల్ ఎడిటర్లలో తెలుగు ఆశించకండి. అవి ఒక్కో కోడుకీ విడిగా గడులు లెక్క కడతాయి, సంయుక్తాక్షరం దగ్గర కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట ఉంటుంది. డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిన అను ఫాంట్ల ఫైలు ఎందులో తెరిచినా గజిబిజిగానే వస్తుంది. అది యూనికోడ్ కాదు, ఎడిటర్ తప్పు కాదు.

"సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట్ తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఉంటుంది. తెలుగు కీబోర్డుతో వ్యాఖ్య రాస్తూ అది పొరపాటున కోడులోకి జారితే పైథాన్ ఇన్‌వ్యాలిడ్ నాన్ ప్రింటబుల్ క్యారెక్టర్ అని ఆగిపోతుంది, చూస్తే లైనులో ఏమీ కనబడదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ కొత్త వెర్షన్లలో వ్యూ మెనూలోని షో సింబల్‌తో అది పెట్టెలా కనిపిస్తుంది. అంతా చూసి, తప్పు దొరక్క, ప్రోగ్రాం మొత్తం మళ్లీ టైపు చేసే బదులు ఒక్క క్లిక్కు.

లైను ముగింపుల గురించి ఒక్క మాట చాలు: విండోస్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అని ఆగిపోతే చాలాసార్లు కారణం విండోస్ లైను ముగింపే. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎడిట్ మెనూలో ఈఓఎల్ కన్వర్షన్‌లో యూనిక్స్ ఎంచుకుని సేవ్ చెయ్యండి. సబ్‌లైమ్ టెక్స్ట్ చక్కటిదే, కానీ ఒక వ్యక్తిగత లైసెన్సే 99 డాలర్లు. ముప్పై సిస్టమ్‌లలో ఏళ్ల తరబడి ట్రయల్ నడపడం నాకు సబబుగా తోచదు. ఆటమ్ ఇంకా పెట్టుకుని కూర్చున్న ల్యాబులు తీసెయ్యండి, 2022 డిసెంబరు 15తో దాని కథ ముగిసింది.

కాబట్టి లినక్స్ ల్యాబుకి జీనీ, టెర్మినల్‌కి నానో. విండోస్ ల్యాబుకి, లైబ్రరీకి, నెట్ సెంటర్‌కి పైన చెప్పినట్టు కట్టుదిట్టం చేసిన నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. విండోస్ 11లో కొత్త నోట్‌ప్యాడ్‌ని తీసెయ్యండి, లేదా దాని సెట్టింగుల్లో ప్రతిసారీ కొత్త సెషన్‌తో మొదలయ్యేలా మార్చండి. ఈ మార్పు ఒక్కో ఖాతాకీ విడిగా చెయ్యాలి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎవరి లాగిన్ వారికి ఉన్నచోట వీఎస్ కోడ్ అడిగితే ఇవ్వండి, నాకు పేచీ లేదు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఇవ్వను.

పెట్టాక నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఆటో అప్‌డేట్ ఆపండి. ఉమ్మడి సిస్టమ్‌లో అప్‌డేట్ అడిగే కిటికీకి ఎవడో ఒకడు అవునంటాడు, అడ్మిన్ పాస్‌వర్డు అడిగేసరికి సగంలో వదిలేస్తాడు. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. 2025లో దాని అప్‌డేటర్ రాకపోకల్ని దారి మళ్లించి కొందరు వాడకందార్లకు హానికరమైన ఫైళ్లు పంపారు. డిసెంబరులో వచ్చిన 8.8.9 నుంచి దించిన ఇన్‌స్టాలర్ సంతకాన్ని సరిచూశాకే నడుపుతోంది. మీ ల్యాబులో అంతకంటే పాత వెర్షన్ ఉంటే లోపలి అప్‌డేట్ బటన్ జోలికి పోకండి. అధికారిక సైటు నుంచి కొత్త ఇన్‌స్టాలర్ ఒక్కసారి దించి, రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం చూసుకుని, అదే ఫైలును పెన్‌డ్రైవ్‌తో ఇరవై సిస్టమ్‌లకీ వెయ్యండి.